అందించని మాట

నన్ను నోరు మూసుకోమని చెప్పి, ఆ తర్వాత సుఖంగా ఇంటికి వెళ్ళినవాడు ఇంతవరకూ లేడు. మా ఆయన ఒక్కసారి ప్రయత్నించాడు, పెళ్ళైన కొత్తలో. ఇప్పుడు నా గొంతు లేచిందంటే చాలు, పేపరు అడ్డం పెట్టుకుంటాడు. అలాంటిదాన్ని నేను ఒక మెడికల్ కాలేజీలో, అద్దం వెనకాల, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చున్నానంటే నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. నాటకాల్లో నేను వేషం కట్టే మనిషిని కాదు, మాట అందించే మనిషిని. స్టేజీ పక్కన తెరచాటు ఉంటుంది చూడండి, దాన్ని మేం వింగు అంటాం. అక్కడ చీకట్లో పీట వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను. రాజుగారు కత్తి దూసి "ఓరీ దుర్మార్గుడా" అని, ఆ తర్వాత ఏమనాలో తోచక గుడ్లప్పగించి నిలబడితే, తర్వాతి మాట నేను అందిస్తాను. నా గుసగుస స్టేజీ మీద ఉన్నవాడికి వినబడుతుంది, మొదటి వరసలో కూర్చున్నవాడికి వినబడదు. అదీ నా విద్య. అందుకే నన్ను అందరూ వింగు పిన్ని అంటారు. స్టేజీ మీద మాట ఆగిందంటే నాకు ఊపిరి ఆడదు. పుస్తకంలో లేని మాట ఎవడైనా సొంతంగా కలిపాడా, విరామంలో వాడి పని అయిందే. పెద్ద పెద్ద హీరోలే నా పీట ముందు చేతులు కట్టుకుని నిలబడి గుటకలు మింగారు.

అలాంటి నా దగ్గరికి ఒకరోజు మెడికల్ కాలేజీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్నపిల్లల డాక్టరు. మెత్తగా మాట్లాడుతూనే అనుకున్నది సాధించే రకం. డాక్టరు చదువు చదివే పిల్లలకి ఆవిడ బొమ్మలు గీయిస్తుందట, కథలు చదివిస్తుందట, నాటకాలాడిస్తుందట. "రోగం పుస్తకంలో ఉంటుందండీ. రోగి ఉండడు కదా. అందుకని," అంది.

"మంచిదే. మరి నేనెందుకు? మా నటుల్ని తీసుకెళ్ళండి," అన్నాను.

"తీసుకెళ్ళామండీ," అంది మేడమ్ నీరసంగా.

జరిగిందేమిటంటే, మా హీరోగారికి కడుపునొప్పి రోగి వేషం ఇచ్చారు. పిల్లలు ప్రశ్నలడగాలి, ఈయన జవాబులు చెప్పాలి, అంతే. ఈయన కుర్చీలోంచి లేచి, గుండెలు బాదుకుని, నేల మీద పడి, తల్లికి ఆఖరి సందేశం చెప్పి ప్రాణం విడిచాడు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంతకీ ఆ రోగికి ఉన్నది గ్యాస్.

"మాటలన్నీ వచ్చి, నటన రాని మనిషి కావాలండీ," అంది మేడమ్. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఒళ్ళు మండేది. ఆవిడ అంటే మెచ్చుకున్నట్టే అనిపించింది. సరే అన్నాను.

అలా నేను రోగినయ్యాను. ఒకరోజు కీళ్ళనొప్పులు, ఒకరోజు దగ్గు, ఒకరోజు తల తిరుగుడు. నాకు బాగా కుదిరిన వేషం మాత్రం ఆపరేషన్‌కి వెళ్ళిన మొగుడి కోసం బయట కూర్చున్న భార్య. పిల్లలు ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, మొగుడు పోయాడన్న కబురు నాకు చెప్పాలి. చెడ్డ కబురు చెప్పడం కూడా డాక్టరు పనేనని మేడమ్ దాన్ని ఒక పరీక్షగా పెట్టించింది. అందులో గట్టెక్కితేనే ఆసుపత్రి వార్డుల్లోకి పంపుతారు.

ఆ పరీక్షలో తప్పిన పిల్ల ఒక్కతే. చదువులో చురుకు, మాటలో మరీ చురుకు. తోటివాళ్ళు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. ఆ రోజు నేనింకా కుర్చీలో సర్దుకోనైనా లేదు, తలుపు తోసుకుని వచ్చి, "మీ ఆయన చనిపోయారండీ చాలా ప్రయత్నించామండీ లాభం లేకపోయిందండీ ఇక్కడ సంతకం పెట్టండీ," అని కాగితం నా ముక్కు కింద పెట్టింది. నిజంగా విధవనయ్యానేమోనని నాకే గుండె గుభేలుమంది. ఇంటికి ఫోన్ చేసి మా ఆయన గొంతు వినేదాకా మంచినీళ్ళు దిగలేదు.

పరీక్ష పోయింది. ఇంకొక్క అవకాశం ఇస్తారు, అదీ పోతే స్నేహితులందరూ వార్డులకి వెళ్ళిపోతారు, ఈ పిల్ల వెనకబడి వచ్చే ఏడాది పిల్లలతో కూర్చోవాలి. మెట్ల మీద మోకాళ్ళలో మొహం దాచుకుని కూర్చుంటే చూడలేక పక్కన కూలబడ్డాను.

"ఎందుకే ఆ పరుగు? ఎవరు తరుముతున్నారు నిన్ను?"

"వాళ్ళు ఏడుస్తారని భయం పిన్నీ," అంది. "ఏడుపు మొదలయ్యేలోగా చెప్పేసి పారిపోవాలనిపిస్తుంది."

ఆ మాటతో ఆ పిల్ల మీద నాకు ఎక్కడలేని మమకారం పుట్టుకొచ్చింది. భయపడి పరిగెత్తే నటుల్ని ఎంతమందిని చూడలేదు? "రేపట్నుంచి మా ఇంటికి రా," అన్నాను.

మా ఆయన మా నాటక సమాజంలోనే లైట్ల మనిషి. స్టేజీ మీద వెలుగును మెల్లగా తగ్గించి మెల్లగా పెంచే మీట ఒకటి ఉంటుంది. పాతబడిందని సమాజం వాళ్ళు పారేస్తే, ఆయన ఇంటికి తెచ్చి ముందుగదిలో లైటుకి బిగించుకున్నాడు. ఎందుకంటే చెప్పడు. ఇన్నాళ్ళకి అది పనికొచ్చింది. నేను నియమం పెట్టాను. ఎక్స్‌ప్రెస్ వచ్చి నా ఎదురుగా కూర్చుని కబురు చెప్పాలి. "ఆయన చనిపోయారమ్మా" అన్నాక, మా ఆయన మీట తిప్పుతూ లైటు మెల్లగా తగ్గిస్తాడు. గది పూర్తిగా చీకటయ్యి, మళ్ళీ మెల్లగా పూర్తిగా వెలిగేదాకా ఆ పిల్ల నోరు తెరవకూడదు. పక్క చూపులు చూడకూడదు. నన్నే చూస్తూ ఉండాలి.

మొదటి రోజు లైటు సగం తగ్గేసరికే "సంతకం" అంది. రెండో రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ కాళ్ళు ఆడించింది. మా ఆయన మాత్రం మహా సంబరంగా ఉన్నాడు. తన చావు కబురు రోజూ తన ఇంట్లో తన చెవులతో వినే అదృష్టం ఎవరికి దక్కుతుంది?

"నిన్న గుండె, ఇవాళ కిడ్నీలా?" అనేవాడు మీట తిప్పుతూ. "అమ్మాయ్, రేపు కాస్త గౌరవంగా పోయే జబ్బేదైనా చూడమ్మా."

"మీరు పోయారు. పోయినవాళ్ళు మాట్లాడరు," అనేదాన్ని నేను.

"బతికున్నప్పుడు మాత్రం మాట్లాడనిచ్చావా?"

మా వదినగారు ఒకసారి చూడవచ్చి, గుమ్మంలోనే "ఆయన చనిపోయారమ్మా" అన్న మాట విని, లోపల లైటు ఆరిపోవడం చూసి, చెప్పులు వదిలేసి ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తింది. ఆవిణ్ణి పట్టుకొచ్చి మంచినీళ్ళిచ్చి, పోయినాయన్ని చూపించేసరికి తాతలు దిగొచ్చారు. అవేం ఆటలని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

అలా చేయగా చేయగా, ఒక సాయంత్రం లైటు పూర్తిగా ఆరి పూర్తిగా వెలిగింది. ఎక్స్‌ప్రెస్ కదల్లేదు. చూపు నా మొహం మీదే ఉంది. మా ఆయన మీట మీద చెయ్యి తీసి "శభాష్" అన్నాడు. నాకైతే ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది, నడుం ఊరుకోదని ఆగాను.

పరీక్ష రోజు వచ్చింది. చిన్న గది. రెండు కుర్చీలు, మధ్యన బల్ల, బల్ల మీద మైకు. పైన ట్యూబులైటు. గోడకి పెద్ద అద్దం. గదిలోంచి చూస్తే మన మొహమే కనబడుతుంది, అద్దం వెనక గదిలో కూర్చున్నవాళ్ళకి మాత్రం మనం కనబడతాం. అక్కడ మేడమ్‌తో పాటు పెద్ద సర్జన్‌గారు కూడా కూర్చున్నారు. కత్తి పట్టి కోయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరంటారు. ఈ నాటకాల పరీక్ష అంటే మాత్రం ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "చావు కబురు చెప్పడానికి ఇంత తతంగమా? నేను ఆపరేషన్ గది తలుపు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్తాను. లోపల ఇంకొకరు నా కోసం చూస్తుంటారు," అని పొద్దున్నే నా ఎదురుగానే మేడమ్‌తో అన్నారు.

ఎక్స్‌ప్రెస్ లోపలికి వచ్చింది. నడిచే వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అమ్మా, పొద్దున ఆపరేషన్‌కి తీసుకెళ్ళినాయన భార్య మీరే కదా? మీకో కష్టమైన కబురు చెప్పాలమ్మా. ఆపరేషన్ జరుగుతుండగా ఆయన గుండె ఆగిపోయింది. చెయ్యగలిగిందంతా చేశాం. ఆయన చనిపోయారమ్మా."

నా బంగారుతల్లే అనుకున్నాను. ఆ పిల్ల నన్నే చూస్తూ ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. అది తగ్గదు, పెరగదు. మాట లేదు. నా ఒళ్ళో పుస్తకం ఉన్నట్టూ, నేను వింగులో ఉన్నట్టూ, పిల్ల స్టేజీ మీద మాట మర్చిపోయి మునిగిపోతున్నట్టూ అనిపించింది. పెదవి కదపకుండా గుసగుసగా అందించేశాను.

"తోడుగా ఎవరైనా వచ్చారా అమ్మా..."

ఎక్స్‌ప్రెస్ ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటులో, "తోడుగా ఎవరైనా వచ్చారా అమ్మా," అని చిలకలా అప్పజెప్పింది.

మొదటి వరసకి వినబడని నా గుసగుస బల్ల మీది మైకుకి శుభ్రంగా వినబడింది. అద్దం వెనక గదిలో ఒకే మాట రెండు గొంతుల్లో మోగిందట. తలుపు దభాలున తెరుచుకుంది.

"కాపీ!" అన్నారు సర్జన్‌గారు. "రోగి డాక్టరుకి జవాబులు అందించడం నా జన్మలో చూడలేదు. పరీక్ష రద్దు. ఈ అమ్మాయి ఫెయిల్."

ఎక్స్‌ప్రెస్ ఏడవలేదు. నావైపు తిరిగి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అంది.

"నేను మర్చిపోలేదు పిన్నీ. నా లెక్కలో లైటు ఇంకా పైకి రాలేదు."

నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఊరుకోవడం నేర్పినదాన్ని నేను. నేర్చుకుని ఊరుకున్నది ఆ పిల్ల. ఊరుకోలేక దాని నోటి దగ్గరి కూడు పడగొట్టిందీ నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ సిగ్గు పడితే ఆ వెంటనే నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుక.

"తప్పు నాది, శిక్ష దానికా? ఇదెక్కడి న్యాయమండీ?" అని లేచాను.

"మీరు రోగి తరఫు మనిషి. నోరు మూసుకుని కూర్చోవాలి," అన్నారు సర్జన్‌గారు.

"మీ దగ్గర అందరూ అలాగే కూర్చుంటారు కాబోలు!"

"కూర్చుని వినడానికి ఇంత రాద్ధాంతమా? దానికో నాటకాల మనిషి కావాలా? ఆ మాత్రం నేను చెయ్యలేనా?"

మేడమ్ ఆ మాట కిందపడనివ్వలేదు. "తప్పకుండా చెయ్యగలరు సార్. పరీక్ష ఇప్పుడే మళ్ళీ పెడదాం. మీరే కూర్చోండి. మార్కులు నేను వేస్తాను," అంది మెత్తగా.

సర్జన్‌గారు గడియారం చూసుకున్నారు, నన్ను చూశారు, అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు పాపం. "సరే. కానీ ఈవిడ గొంతు ఒక్కసారి వినబడినా ఆ అమ్మాయి ఫెయిలే. అద్దం వెనకనుంచైనా సరే," అన్నారు.

ఇదీ నేను అద్దం వెనక చేతుల మీద కూర్చున్న వైనం. ఆ గదిలో లైటు ఆర్పేసి ఉంటుంది. ముందు బల్ల మీద లోపలి గదిలోకి మాట్లాడటానికి ఒక బటనూ, మైకూ. చీకట్లో కూర్చుని వెలుతురులోకి చూడటమే నా బతుకు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. మేడమ్ ఆ బటన్ని నాకు అందకుండా మెల్లగా అటువైపు జరిపింది.

సర్జన్‌గారికి వేషం కాగితం ఇచ్చారు. పొద్దున భార్యని ఆపరేషన్‌కి పంపిన భర్త. కబురు విన్నాక అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉంటాయి. మొదటిది, "ఎలా జరిగింది డాక్టరుగారూ?" ఆయన ఒక చూపు చూసి, "ఇంతేనా," అని మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. కాలు మీద కాలేసుకుని, పై కాలు ఊపుతూ కూర్చున్నారు.

ఎక్స్‌ప్రెస్ వచ్చింది. మొహం పాలిపోయింది గానీ నడక తప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అయ్యా, పొద్దున ఆపరేషన్‌కి తీసుకెళ్ళినావిడ భర్త మీరే కదా?"

"ఆఁ, నేనే. చెప్పు, చెప్పు."

"మీకో కష్టమైన కబురు చెప్పాలండీ. ఆపరేషన్ జరుగుతుండగా ఆవిడ గుండె ఆగిపోయింది. చెయ్యగలిగిందంతా చేశాం. ఆవిడ చనిపోయారండీ."

ఊరుకుంది. నేను మనసులోనే మీట పట్టుకున్నాను. లైటు తగ్గిస్తున్నాను.

సర్జన్‌గారు తర్వాతి మాట కోసం చూశారు. రాలేదు. కాలు ఊపడం ఆగింది. కాసేపటికి ఆ కాలు కిందికి దిగింది. ఇప్పుడు మాట్లాడాల్సింది తనేనని అప్పుడు తెలిసినట్టుంది. నోరు తెరిచారు. మాట లేదు. చెయ్యి కోటు జేబుదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. అప్పుడు అద్దం వైపు చూశారు.

ఆ చూపు నాకు తెలుసు. కత్తి దూసిన రాజులూ, శపించబోయిన మునులూ, పెళ్ళిపీటల మీది నాయికలూ, అందరూ ఏదో ఒకరోజు చీకట్లోకి, నావైపు, అలాగే చూశారు. వాళ్ళలో ఒక్కరికీ నేను మాట అందించకుండా ఉండలేదు. "ఎలా జరిగింది డాక్టరుగారూ." నాలుక చివర ఉంది. కొంగు కొరికేశాను. మేడమ్ చెయ్యి నా భుజం మీద పడింది. లోపల ఎక్స్‌ప్రెస్ వేళ్ళు తెల్లకోటు అంచుని నలిపేస్తున్నాయి. దానికీ పారిపోవాలనే ఉంది, నాకు తెలియదూ? చూపు మాత్రం ఆయన మొహం మీదనుంచి కదల్లేదు. లైటు అడుగుకి వెళ్ళింది. మళ్ళీ పైకి వస్తోంది.

"ఇంట్లో పిల్ల ఎదురుచూస్తుంటుంది," అన్నారు సర్జన్‌గారు. ఆ గొంతు పొద్దున విన్నది కాదు. "దానికి ఏమని చెప్పాలి?"

ఎక్స్‌ప్రెస్ కాస్త ముందుకి జరిగింది. కుర్చీ కిర్రుమంది. లేచి వెళ్ళిపోతోందనుకున్నారు కాబోలు, ఆయన గబుక్కున చెయ్యి చాపారు.

"వెళ్ళకమ్మా. కాసేపు కూర్చో."

"ఎక్కడికీ వెళ్ళనండీ," అంది ఎక్స్‌ప్రెస్. "మీరు లేద్దామనేదాకా కూర్చుంటాను."

ఆ కాగితం నాకు కంఠతా వచ్చు. ఆయన అన్న మాటల్లో ఒక్కటీ అందులో లేదు. ఇంకెవడైనా అయితే విరామంలో వాడి తాట తీసేదాన్ని. చీకట్లో కూర్చుని, కొంగు నోట్లో పెట్టుకుని, బావురుమని ఏడ్చాను. మా ఆయన రోజుకో రోగంతో పోతుంటే ఒక్కసారైనా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ ఏడుపు కూడా చప్పుడు కాకుండానే ఏడ్చాను, షరతు షరతే కదా.

సర్జన్‌గారు బయటికి వచ్చాక ఎవర్నీ చూడలేదు. ముక్కు చీదుకుని, గదిలో దుమ్ము ఎక్కువగా ఉందన్నారు. "పాస్" అని మేడమ్ అనేలోగా ఆయనే అనేశారు. ఎక్స్‌ప్రెస్ వచ్చి నన్ను ఒక్కసారిగా వాటేసుకుని, "పిన్నీ పాసయ్యాను పిన్నీ లైటు మొత్తం పైకొచ్చింది పిన్నీ చూశావా పిన్నీ," అని మళ్ళీ పాత వేగం అందుకుంది. దాని సంతోషం దానిది, ఊపిరాడకపోయినా ఊరుకున్నాను.

నాలుగడుగులు వేసిన సర్జన్‌గారు ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"మేడమ్, ఆ కుర్చీల్లాంటివి ఇంకో రెండు దొరుకుతాయా? ఆపరేషన్ గది తలుపు దగ్గర కూర్చోడానికి ఏమీ లేదు."

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన మీట దగ్గరే కుర్చీ వేసుకుని పేపరు చూస్తూ కూర్చుని ఉన్నాడు. "ఏమైంది, ఇవాళ నేను ఏ జబ్బుతో పోయాను?" అన్నాడు హుషారుగా.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. నేను మాట్లాడకుండా నిలబడటం ఆయన ఎప్పుడు చూశాడు గనక? పాపం కంగారుగా లేవబోయాడు. నేను వెళ్ళి పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏమీ లేదు," అన్నాను. "కాసేపు కూర్చోండి."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి కూర్చున్నాడు.